జిల్లా పేజీలో సముద్రానికి రోజూ ఒక మూల ఇవ్వండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

కృష్ణా జిల్లా తీరంలో దినపత్రిక చేరని పల్లె లేదు. తెల్లవారుజామున బందరులో, అంటే మచిలీపట్నంలో, కట్టలు దిగుతాయి. గిలకలదిండి, క్యాంబెల్‌పేట, మంగినపూడి వైపు మోటారు సైకిళ్ల మీద వెళ్తాయి. నాగాయలంక దాటి ఎదురుమొండి దీవులకు వెళ్లే కట్ట మాత్రం ఏటిమొగ రేవులో ఏరు దాటించే పంటు కదిలాకే అవతలి ఒడ్డుకు చేరుతుంది. మీ జిల్లా పేజీల్లో ధాన్యం ధర ఉంటుంది, వనామీ రొయ్య కౌంటు ధర ఉంటుంది, కరెంటు కోతల వేళలు కూడా ఉంటాయి. సముద్రం మాత్రం తుపాను పుట్టినప్పుడే పేజీలోకి వస్తుంది. ఆ వార్త కూడా ఒడ్డున కూర్చుని చదివేవారికి సరిపోయేలా ఉంటుంది గానీ, వల సర్దుకుని బయల్దేరేవారికి అక్కరకు వచ్చేలా ఉండదు.

జిల్లా పేజీలో రోజూ ఒకే మూల, ఒకే కొలతలో సముద్రానికి ఒక చిన్న బాక్సు ఇవ్వాలన్నది మా విన్నపం. అందులో ప్రతి అంకె పక్కన అది ఏ గంట నాటిదో ఉండాలి. ఈ రెండోది చేయకపోతే మొదటిది చేసీ ప్రయోజనం లేదు. ఎందుకో చెబుతాం.

తుపాను సమయంలో వాతావరణ శాఖ బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి. ఉదయం 8.30, 11.30, మధ్యాహ్నం 2.30, సాయంత్రం 5.30, రాత్రి 8.30 ఇలా పరిశీలన వేళలు ఉంటాయి. రాత్రి 8.30 నాటి పరిశీలన మీ డెస్కుకు అందేసరికి మరికొంత సమయం పడుతుంది. జిల్లా పేజీలు ప్రింటింగుకు వెళ్లే వేళకు చేతిలో ఉండేది మహా అయితే ఆ బులెటినే. మర్నాడు ఉదయం ఆరింటికి పాఠకుడు దాన్ని చదువుతాడు. అంటే మధ్యలో తొమ్మిదిన్నర గంటలు గడిచిపోయాయి. ‘ప్రస్తుతం మచిలీపట్నానికి ఆగ్నేయంగా 450 కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది’ అని వార్త వచ్చిందనుకుందాం. అది గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఇటే కదులుతుంటే, పేపరు విప్పే వేళకు దాదాపు 140 కిలోమీటర్లు దగ్గరకు వచ్చేసినట్టే. 450 అని చదివి ఇంకా చాలా సమయం ఉందనుకున్నవాడికి నిజంగా మిగిలింది 310. ఆ వార్తలో ‘ప్రస్తుతం’ అన్న ఒక్క మాట తీసేసి ‘గురువారం రాత్రి 8.30కి’ అని రాస్తే చాలు, బోటు నడిపే సరంగు మిగతా లెక్క తానే వేసుకుంటాడు. దూరం, దిక్కు, కదిలే వేగం, పరిశీలన వేళ, ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఉండాలి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ పనికిరావు.

ఫైబర్ పడవలు తెల్లవారకముందే వేటకు వెళ్లిపోతాయి. అప్పటికి పేపరు ఇంటికి రాదు. మరబోట్లు ఐసు, డీజిలు, బియ్యం ఎక్కించుకుని వారం పది రోజులకు సరిపడా సిద్ధమై వెళ్తాయి. ఈ ఇద్దరికీ ఈరోజు వాతావరణం కంటే రేపటిదీ ఎల్లుండిదీ ముఖ్యం. పడవవాడు నిన్నటి పేపరు చూసుకునే ఈ తెల్లవారుజామున దిగుతాడు. కాబట్టి మీ బాక్సులో కనీసం రెండు రోజుల ముందుచూపు ఉండాలి. వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక తేదీల వారీగా, ప్రాంతాల వారీగా ఉంటుంది. దాన్ని కుదించేటప్పుడు ఎక్కువగా ఎగిరిపోయేది తేదీయే. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదని అధికారులు సూచించారు’ అనే వాక్యం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ తీరం నుంచి ఏ తీరం వరకు? ఇప్పటికే లోపల ఉన్నవాళ్లు ఏ వేళకు తిరిగి రావాలి? ఇవి లేకపోతే ఆ వాక్యం ఎవరికీ ఉపయోగపడదు.

ఇక నంబర్ల సంగతి. దీని మీద కాస్త వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే అన్ని పత్రికల్లోనూ ఇదే పొరపాటు ఏళ్ల తరబడి సాగుతోంది. ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 11. 1, 2 దూరపు హెచ్చరికలు. ఎక్కడో లోపల వాయుగుండమో తుపానో ఉంది, రేవుకు ఇంకా ముప్పు లేదని అర్థం. 3, 4 స్థానిక హెచ్చరికలు. ఈదురుగాలుల బెడద రేవు దాకా వచ్చిందని 3, తుపాను ముప్పు ఉంది గానీ అతి పెద్ద జాగ్రత్తలకు ఇంకా వేళ కాలేదని 4. 5, 6, 7 ప్రమాద హెచ్చరికలు. 8, 9, 10 మహా ప్రమాద హెచ్చరికలు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయి, వాతావరణం చెడే ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావించినప్పుడు ఎగరేసేది 11. పేపర్లలో మాత్రం ‘ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వస్తుంది. ఒకటికి ప్రమాదం లేదు. ఏడాదికి ఎన్నిసార్లో ఒకటో నంబరుకే ‘ప్రమాదం’ అని చదివినవాడికి, నిజంగా ఐదో నంబరు ఎగిరిన రోజున ఆ మాట చెవికెక్కదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. 5 కంటే 6, 8 కంటే 9 తీవ్రమైనవని పేపర్లు రాస్తాయి. ‘హెచ్చరిక స్థాయి ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంపు’ అని శీర్షిక పెడతాయి. తుపాను తీవ్రత ఈ రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా రేవు ఏ పక్కన పడుతుందన్న దాంట్లో ఉంది. తుపాను కదిలే దారికి రేవు ఎడమ పక్కన పడితే 5 లేదా 8. కుడి పక్కన పడితే 6 లేదా 9. రేవు మీదుగానో, దానికి బాగా దగ్గరగానో దాటితే 7 లేదా 10. మన తీరంలో తుపాను తూర్పు నుంచి పడమటికి వస్తుంది గనుక, బందరుకు ఉత్తరంగా నరసాపురం, కాకినాడ వైపు దాటితే మనం ఎడమ పక్క. దక్షిణంగా నిజాంపట్నం, బాపట్ల, చీరాల వైపు దాటితే మనం కుడి పక్క.

ఈ కుడి ఎడమలు సముద్రం ఒడ్డున ఉన్నవారికి ప్రాణంతో సమానం. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కుడి పక్కన ఉన్న తీరానికి గాలి సముద్రం మీది నుంచి వస్తుంది, నీటిని ఒడ్డు మీదికి నెడుతుంది. ఎడమ పక్కన గాలి నేల మీది నుంచి సముద్రంలోకి పోతుంది. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. అంత దూరాన దాటినా మునిగిపోయింది దివిసీమ. ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి ఊళ్లకు ఊళ్లే పోయాయి, దాదాపు పదివేల మంది చనిపోయారని లెక్క తేలింది. దివిసీమ ఆ తుపాను దారికి కుడి పక్కన పడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడూ బందరు కుడి పక్కే. అందుకే మా తీరానికి 9 ఎగిరిందంటే ‘8 కంటే ఒకటి ఎక్కువ’ అని కాదు, ‘ఈసారి నీరు మన వైపు వస్తుంది’ అని. ఈ సంగతి శీర్షికలో రాకపోయినా ఫరవాలేదు. నంబరు వచ్చిన ప్రతిసారీ దాని కింద ‘తుపాను మనకు దక్షిణంగా దాటే అవకాశం, ఉప్పెన ముప్పు మన వైపు’ అని ఒక లైను ఉంటే నాగాయలంక, కోడూరు మండలాల్లో ప్రతి ఇల్లూ అర్థం చేసుకుంటుంది. ఏ నంబరు ఏ రేవులో ఎగిరిందో కూడా విడిగా రాయాలి. ఒకే తుపానుకు మచిలీపట్నంలో ఒక నంబరు, కాకినాడలో ఒక నంబరు ఉండవచ్చు. రెండూ కలిపి ‘అన్ని ఓడరేవుల్లో’ అని రాస్తే ఆ తేడా మాయమైపోతుంది.

గాలి విషయంలోనూ మాటకు కొలత ఉంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 దాటితేనే తుపాను. 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. ‘తుపాను కాదు, వాయుగుండమే’ అన్న శీర్షిక చూసి ఊరట చెందేది మెట్ట ఊళ్లవారు. తొమ్మిది మీటర్ల ఫైబర్ పడవకు 45 నుంచి 55 కిలోమీటర్ల ఈదురుగాలి చాలు. ఇంకో చిక్కు ఏమిటంటే, ‘55-65, గరిష్ఠంగా 75’ అని బులెటిన్ చెప్పినప్పుడు మొదటి రెండూ నిలకడగా వీచే గాలి, చివరిది ఒక్కసారిగా విసిరే గాలి. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు తీసుకుంటుంది. సెల్‌ఫోన్లలో తిరిగే విదేశీ చిత్రాల్లో చాలావరకు ఒక నిమిషం సగటు ఉంటుంది, అంకె ఎక్కువ కనిపిస్తుంది. ఈ రెంటినీ ఒకే వార్తలో కలిపేస్తే ఒక పేరాలో 90, మరో పేరాలో 110 వచ్చి పాఠకుడు రెండింటినీ నమ్మడం మానేస్తాడు. సముద్రం మీద వేగానికి వాడే ‘నాట్’లలో ఉన్న అంకెను 1.85తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. గుణించకుండా ప్రమాణం పేరు మాత్రం మార్చిన వార్తలు కూడా వస్తున్నాయి.

అలల ఎత్తు గురించి. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్ అని అందరూ పిలిచేది, ‘2.5 మీటర్ల అలలు’ అని చెబితే అది అతి పెద్ద అల ఎత్తు కాదు. అన్ని అలల్లో పెద్దవైన మూడో వంతు అలలు తీసుకుని వాటికి కట్టిన సగటు. అదే సముద్రంలో విడిగా వచ్చే ఒక అల దానికి దాదాపు రెండింతలు ఉండవచ్చు. 2.5 అని రాసిన రోజున ఎప్పుడో ఒకసారి నాలుగున్నర మీటర్ల అల వచ్చి పడుతుంది. పడవను తిరగేసేది ఆ ఒక్క అలే. కాబట్టి ‘2.5 మీటర్లు, అప్పుడప్పుడూ అంతకు రెండింతల వరకు’ అని రాయండి. ఉప్పెన లెక్క కూడా అలాంటిదే. ‘ఒక మీటరు ఉప్పెన’ అంటే ఆ వేళకు ఉండాల్సిన పోటు మట్టం కంటే ఒక మీటరు ఎక్కువ అని. తుపాను నీరు దిగే పాటు వేళ దాటితే ఒక రకం, పున్నమి పోటు మీద దాటితే ఇంకో రకం. అందుకే ఉప్పెన వార్తలో ఆ రోజు పోటు వేళ తప్పనిసరిగా ఉండాలి.

పోటు పాటుల వేళలు తుపాను ఉన్నా లేకపోయినా రోజూ కావాలి. ఈ బాక్సులో మిగతావన్నీ తీసేసినా ఇదొక్కటీ ఉంచమంటాం. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాలు, అంటే పోటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి, అమావాస్యలకు నీరు సుమారు ఒకటిన్నర మీటరు ఎక్కి దిగుతుంది, అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. ఏరు సముద్రంలో కలిసే గిలకలదిండి మొగలో ఇసుక మేట వేసినప్పుడు మరబోటు పోటు వేళ తప్ప లోపలికీ బయటికీ రాలేదు. మొగలో పడవలు తిరగబడిన ప్రమాదాల వార్తల్లో ‘అలల ఉధృతికి’ అని ఉంటుంది. పాటు నీరు ఏటి నుంచి బయటికి లాగుతుంటే, దానికి ఎదురుగా సముద్రపు అల లోపలికి వస్తుంది. ఈ రెండూ మేట మీద ఢీకొన్నప్పుడు అల పొట్టిదై, నిటారుగా లేచి, అక్కడికక్కడే విరుగుతుంది. పడవ ముక్కు లేచి, వెనక భాగం నీటిలోకి కూరుకుపోతుంది, పక్కకు తిరిగితే బోల్తా. ఆగి, నీరు నిలకడకు వచ్చాక దాటితే అదే మొగ అంత భయపెట్టదు. ప్రమాద వార్తలో సంఘటన వేళ పక్కన పాటు వేళ కూడా రాస్తే, ఇది ఎందుకు జరిగిందో చదివిన ప్రతి ఇంటికీ తెలుస్తుంది. పోటు వేళల పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా ఏడాదికోసారి ముందుగానే ప్రచురిస్తుంది. ఇది రాత్రి పదింటికి ఎవరికో ఫోన్ చేసి తెలుసుకోవాల్సిన సమాచారం కాదు, జనవరిలోనే ఏడాది మొత్తానికీ టైపు చేసి పెట్టుకోవచ్చు. ఏటి లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యమవుతుందన్న ఒక్క గమనిక చేర్చితే, కాలువల నుంచి నీరు తోడుకునే చెరువుల రైతులకూ పనికొస్తుంది.

కార్తిక పౌర్ణమికి మంగినపూడిలో, మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమంలో లక్షల కాళ్లు నీటిలో పడతాయి. ఆ రోజుల్లో మీరు బస్సుల వేళలు వేస్తారు, పార్కింగ్ స్థలాలు వేస్తారు. పౌర్ణమి గనుక ఆరోజు పాటు లాగుడు మామూలు రోజుల కంటే బలంగా ఉంటుంది. పాటు మొదలయ్యే వేళ, అది జోరుగా ఉండే మధ్య రెండు గంటలు, ఆ వేళలో మోకాలి లోతు దాటవద్దని ఒక మాట బస్సుల వేళల పక్కనే వేయండి.

పాటు గురించి రాస్తున్నాం గనుక ‘వెనక్కి వెళ్లిన సముద్రం, భయాందోళనలో ప్రజలు’ అన్న వార్త గురించీ చెప్పాలి. అమావాస్యకో పున్నమికో, పాటు వేళ, నీరు మామూలు కంటే ఎక్కువ దూరం తీస్తుంది. చదునైన తీరంలో అర మీటరు దిగినా ఇసుక చాలా దూరం బయటపడుతుంది. దానికి ఫొటో తీసి సునామీ మాట కలిపితే ఊళ్లు ఖాళీ అవుతాయి. 2004 డిసెంబరు 26 జ్ఞాపకం ఈ తీరంలో ఇంకా పచ్చిగానే ఉంది. అయితే ఆరోజు జరిగింది వేరు. ఉదయం 6.29కి సుమత్రా దగ్గర భూమి కంపించింది, దాదాపు రెండున్నర గంటల తర్వాత అల మన ఒడ్డుకు చేరింది. అప్పుడు హెచ్చరించే వ్యవస్థ మనకు లేదు. 2007 అక్టోబరు నుంచి ఇన్‌కాయిస్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. కాబట్టి ఫొటో వచ్చిన సాయంత్రం సబ్ ఎడిటర్ చేయాల్సింది మూడు నిమిషాల పని. ఆరోజు తిథి చూడాలి, పాటు వేళ చూడాలి, సునామీ కేంద్రం బులెటిన్ ఏమైనా ఇచ్చిందేమో చూడాలి. మొదటి రెండూ కుదిరి మూడోది లేకపోతే అది మామూలు పాటు. ఎండ కాస్తూ, గాలి లేకుండానే పెద్ద అలలు ఒడ్డు కోసే రోజులు మరో రకం. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. వాటికీ ఇన్‌కాయిస్ ముందుగా హెచ్చరిక ఇస్తుంది.

ఇప్పుడు తప్పిపోయిన బోట్ల వార్తలు. ఇక్కడే జిల్లా పేజీ అన్న ఏర్పాటు తీరానికి అడ్డం పడుతోంది. 1989 నుంచి తెలుగు దినపత్రికల్లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాక పల్లెల వార్తలకు చోటు దొరికింది, అది కాదనం. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి తొమ్మిది తీర జిల్లాలు పన్నెండయ్యాక, అదే తీరం ఇంకా చిన్న ముక్కలైంది. బందరు నుంచి వెళ్లిన బోటు ఇంజిను ఆగిపోతే ఎక్కడికి కొట్టుకుపోతుంది? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి నీటి ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. ఆ రోజుల్లో వెతకాల్సింది బాపట్ల, ప్రకాశం, నెల్లూరు వైపు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. అప్పుడు అంతర్వేది, కాకినాడ, విశాఖ వైపు. తీరా ఆ వార్త వచ్చేది కృష్ణా జిల్లా పేజీలో మాత్రమే. చూడగలిగిన నిజాంపట్నం బోటువాడి ఇంటికి వచ్చే పేజీలో అది ఉండదు. బోటు కనపడకుండా పోయిన వార్త ఏ జిల్లాలో పుట్టినా, కాలాన్ని బట్టి దక్షిణాన రెండు జిల్లాలకో ఉత్తరాన రెండు జిల్లాలకో తప్పక పంపాలని డెస్కులో ఒక నియమం పెట్టుకోండి. ఖర్చు లేని పని ఇది.

ఆ వార్త రాసే తీరు కూడా మారాలి. ఒడ్డున ఏడుస్తున్న కుటుంబం ఫొటో, ‘నాలుగు రోజులుగా ఆచూకీ లేదు’ అన్న వాక్యం ఉంటాయి. వెతికేవాడికి కావాల్సినవి ఉండవు. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, అది పక్కకు రాసి ఉంటుంది, ఐఎన్‌డీ-ఏపీతో మొదలవుతుంది. బోటు రంగు, పొడవు. బోటు మీద పనిచేసే కలాసీలు ఎంతమంది. ఏ రోజు ఏ వేళకు మొగ దాటింది. చివరి ఫోన్ లేదా వైర్‌లెస్ మాట ఎప్పుడు, అప్పుడు ఎన్ని బారల లోతులో ఉన్నామన్నారు. ఒక బార అంటే ఆరడుగులు, దాన్ని మీటర్లలోకి మార్చి రెండూ రాయండి. ఎన్ని రోజుల తిండి, నీళ్లు, ఎన్ని లీటర్ల డీజిలు ఉన్నాయి. ఆగిపోయింది ఇంజినా, లేక నీటిలో తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుందా. ఇంజిను పాడైన బోటు లంగరు వేసుకుని ఉన్నచోట ఉండగలదు, లోతు ఎక్కువైతే తాడు అందదు, కొట్టుకుపోతుంది. ఈ తేడాను బట్టే వెతికే చోటు మారుతుంది. ఇవన్నీ ఆరు లైన్లకు మించవు. చివర కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093, విపత్తుల నిర్వహణ సంస్థ 1070 నంబర్లు. బోటు దొరికాక ఆ సంగతి కూడా అదే పేజీల్లో, అదే చోట వేయాలి. దొరికిన వార్త వేయకపోతే వెతుకులాట ఆగదు.

తుపాను ముందురోజు వచ్చే ‘అప్రమత్తంగా ఉండాలి’ అన్న మాట స్థానంలో చేయాల్సిన పనులు వేయండి. బోట్లను ఏటి పైభాగానికి తీసుకెళ్లి, పక్కపక్కన ఒరుసుకోకుండా ఎడం ఇచ్చి కట్టాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ రేవులో బోట్లు ఒకదాన్నొకటి కొట్టుకునే మునిగాయి. ముక్కుకూ వెనక్కూ రెండేసి తాళ్లు, నీరు రెండు మీటర్లు లేచినా తెగనంత వదులు. తాడు అంచుకు రాసుకునే చోట గోనెపట్టానో పాత రబ్బరు గొట్టమో చుట్టాలి, తాడు తెగేది లాగుడుకు కాదు, రాపిడికి. పక్కలకు టైర్లు. బ్యాటరీ విప్పి ఇంటికి. వలలు మెరకకు. తుపాను కన్ను మీద నుంచి వెళ్తున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు బోటు చూసుకోవడానికి పరుగెత్తినవాళ్లు చనిపోతారు. కాసేపట్లో అంతే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి. రిజిస్ట్రేషన్, లైసెన్సు కాగితాల ఫొటోలు, కట్టిన బోటు ఫొటో తుపానుకు ముందే ఫోన్లో తీసి ఉంచుకోవాలని కూడా రాస్తే, తర్వాత నష్టం లెక్కలు కట్టేటప్పుడు ఒక్కో కుటుంబానికి ఎంతో మేలు.

చేపల ధరల గురించి ఎక్కువ రాయం. కచిడి చేప లక్షలు పలికితే మొదటి పేజీలో వస్తుంది, పులస మొదటి వేలంపాట కూడా. కవ్వళ్లు, నెత్తళ్లు, కనగర్తలు, సావిళ్లు ఏ ధర పలికాయో ఎప్పుడూ రాదు. తీరంలో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది వీటి మీదే. పాట గంప లెక్కన జరుగుతుంది గనుక కిలోకు మార్చి, ఐసులో వచ్చినదా అప్పుడే దిగినదా చెప్పి, పెద్ద సైజు చిన్న సైజు విడిగా వేస్తే చాలు. వనామీకి కౌంటు వారీగా మీరు వేస్తున్న పద్ధతే. రోజూ ధర అచ్చయితే దళారి తక్కువ చెప్పడానికి వెనకాడతాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. జూన్ 14 అర్ధరాత్రి బోట్లకు పూజలు చేసే ఫొటో తప్పక వస్తుంది. అంతకంటే ముందు, నిషేధ కాలపు సాయానికి పేర్లు రాసుకునే లెక్కల బృందం ఏప్రిల్‌లో ఏ రోజు ఏ రేవుకు వస్తుందో కావాలి. ఆ రోజు బోటు, కలాసీ ఇద్దరూ రేవులో లేకపోతే జాబితాలో పేరు ఉండదు. 2025లో ఈ సాయాన్ని 20 వేల రూపాయలకు పెంచారు, ఒక పూట రేవులో లేనందుకు ఆ మొత్తం పోతోంది. ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారం నిషేధ కాలంలో రాదు. మిగతా రోజుల్లో కూడా మేఘాలు కమ్మితే ఉపగ్రహానికి సముద్రం కనపడక రాదు. వచ్చిన రోజున రేవు పేరు, దిక్కు, దూరం, లోతు, ఎప్పటివరకు చెల్లుతుందో ఆ తేదీ అన్నీ వేయాలి. తేదీ దాటిన జాడ పట్టుకుని వెళ్తే పోయేది డీజిలే.

బాక్సు ఎలా ఉండాలో ఒక నమూనా రాస్తున్నాం. ‘మచిలీపట్నం తీరం. రేపు పోటు, పాటు వేళలు. ఎల్లుండి పోటు, పాటు వేళలు. గాలి: ఏ దిక్కు నుంచి, ఎంత, ఎంత వరకు విసురు. అల: ఎంత, అప్పుడప్పుడూ ఎంత. రేవులో హెచ్చరిక: నంబరు, దాని అర్థం. వేటకు వెళ్లవచ్చా: తేదీ నుంచి తేదీ వరకు. సమాచారం ఏ గంట నాటిది. 1554, 1093.’ ఇంతే. హెచ్చరిక ఏమీ లేని రోజున ఆ లైను ఖాళీ వదలకుండా ‘లేదు’ అని వేయండి. ఖాళీ ఉంటే లేదనుకోవాలా, వేయడం మరిచారనుకోవాలా తెలియదు. డెస్కులో ఒక్కరికి ఈ పని అప్పగించి, రాత్రి 9 తర్వాత వచ్చిన బులెటిన్ చూశాకే పేజీ వదలాలని పెట్టుకోండి. తప్పు పడితే సవరణ మర్నాడు అదే మూల రావాలి. పాత తుపాను అలల ఫొటో వేస్తే ‘ఫైల్ ఫొటో’ అనడంతో సరిపెట్టకుండా ఏ ఏడాదిదో రాయాలి.

బందరుకు పత్రిక కొత్త కాదు. 1902లో కృష్ణా పత్రిక పుట్టింది ఈ ఊళ్లోనే. 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు గారు దాన్ని నడిపారు. తుపానును కనిపెట్టే డాప్లర్ రాడార్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. పత్రిక పుట్టిన, రాడార్ ఉన్న ఊరికి రేపటి పోటు వేళ అచ్చులో దొరకకపోవడం మాకు బాధగా ఉంది.

తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. అక్టోబరు 1 నుంచి మొదలుపెట్టమని కోరుతున్నాం. గిలకలదిండి పాట ధరలు రోజూ సాయంత్రం ఏడు గంటలకల్లా మీ మండల విలేకరికి రాసి ఇచ్చే పని మేం తీసుకుంటాం. తప్పిపోయిన బోటు వివరాలకు పైన చెప్పిన ప్రశ్నలతో ఒక కాగితం తయారు చేసి ప్రతి రేవులో ఉంచుతాం, విలేకరి వచ్చేసరికి నింపి సిద్ధంగా ఉంటుంది. ఎదురుమొండికి పేపరు ఆలస్యంగా చేరుతుంది గనుక, ఆ బాక్సు ఒక్కటీ ముందురోజు రాత్రి పేజీ పూర్తయిన వెంటనే ఏటిమొగ ఏజెంటు ఫోనుకు పంపే ఏర్పాటు చేయండి. మొదటి పంటు వేళకు రేవు బోర్డు మీద సుద్దతో రాయిస్తాం.

ఇట్లు,
గిలకలదిండి, క్యాంబెల్‌పేట, ఏటిమొగ, ఎదురుమొండి పాఠకులు
కృష్ణా జిల్లా